హోలీవెల్ ఊటకు రెండు పద్దులు

1579లో మొదటి ఎలిజబెత్ రాణి ప్రొటెస్టెంట్ ప్రభుత్వం వేల్స్, దాని సరిహద్దు జిల్లాల వ్యవహారాలు చూసే మండలికి ఒక ఉత్తర్వు పంపింది. ఉత్తర వేల్స్‌లోని ఫ్లింట్‌షైర్‌లో హోలీవెల్ అనే ఊరుంది. అక్కడి సెయింట్ వినిఫ్రెడ్ ఊటకు కాథలిక్కులు యాత్రలు కడుతున్నారు. ఎందుకని అడిగితే నీళ్లలో మందు గుణం ఉందంటున్నారు. కాబట్టి ఇద్దరు మనుషుల్ని పెట్టి ఆ నీళ్లను పరీక్షించండి, మందు గుణం లేదని తేలితే ఆ కట్టడాన్ని పడగొట్టండి. ఉత్తర్వు సారాంశం ఇదీ. పరీక్ష సంగతి ఎలా ఉన్నా కట్టడం మాత్రం పడలేదు. ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు. అసలు ఆలోచించాల్సింది ఆ ఉత్తర్వులో పెట్టిన షరతు గురించి. అప్పటికే ఇంగ్లండ్, వేల్స్ అంతటా మఠాలు మూతపడ్డాయి, పునీతుల సమాధులు పగిలాయి, పాత పద్ధతిలో పూజ చేయించుకున్నవాళ్లకు జరిమానాలు, జైళ్లు నడుస్తున్నాయి. అన్నిటినీ ఒక్క కలంపోటుతో తీసేసిన ప్రభుత్వం ఈ ఒక్క ఊట దగ్గర ‘ముందు పరీక్షించి చూడండి’ అని ఎందుకు ఆగింది? మొక్కును నేరమనడం తేలిక. రోగి దగ్గర్నుంచి మందు లాక్కోవడం అంత తేలిక కాదు. హోలీవెల్ ఇన్ని శతాబ్దాలు బతికి బట్టకట్టిన కారణం ఇక్కడే ఉందని నా వాదన. దాన్ని కాపాడింది కథ పాతదనం కాదు, నీళ్ల మహిమా కాదు. అక్కడ కుదిరిన జబ్బులను పునీతురాలి పద్దులోనూ రాసుకోవచ్చు, నీళ్ల పద్దులోనూ రాసుకోవచ్చు. ఒక పద్దును ఎవరైనా కొట్టేయబోతే రెండోది అడ్డుపడేది.

ముందు కథ. ఏడో శతాబ్దంలో వినిఫ్రెడ్ అనే పిల్ల ఉండేది. వెల్ష్‌లో ఆమె పేరు గ్వెన్‌వ్రెవి. మేనమామ బైనో సన్యాసి, ఆ లోయలోనే చిన్న గుడి కట్టుకుని ఉంటున్నాడు. ఒక ఆదివారం అమ్మానాన్నలు పూజకు వెళ్లారు, పిల్ల ఒక్కతే ఇంట్లో ఉంది. కరాడొగ్ అనే దొరబిడ్డ వేటాడి అలిసిపోయి దాహమంటూ వచ్చి ఆమె మీద కన్నేశాడు. బట్టలు మార్చుకు వస్తానని లోపలికి వెళ్లి, అటునుంచి అటే గుడివైపు పరుగు తీసింది. వాడు గుర్రం మీద తరుముకొచ్చి గుడి దగ్గర్లో కత్తితో తల నరికేశాడు. తల పల్లంలోకి దొర్లింది. పడినచోట నీళ్లు ఎగదన్నాయి. బైనో పీఠం దగ్గర్నుంచి వచ్చి శపిస్తే కరాడొగ్ నిప్పు దగ్గరి మైనంలా కరిగిపోయాడు. మేనమామ ఆ తలను మొండేనికి ఆనించి, పైన తన వస్త్రం కప్పి, పూజ పూర్తిచేసి ప్రార్థిస్తే పిల్ల లేచి కూర్చుంది. మెడ చుట్టూ దారమంత తెల్లటి మచ్చ మాత్రం మిగిలిపోయింది. వెళ్తూ వెళ్తూ బైనో మూడు మాటలిచ్చాడు. రాళ్ల మీది నెత్తుటి మరకలు ఎన్నటికీ పోవు. నీ పేరున ఇక్కడ మొక్కుకున్నవాళ్లకు మొదటిసారి కాకపోతే రెండోసారి, అదీ కాకపోతే మూడోసారి కోరిక తీరుతుంది. నువ్వు ఏటా నాకోసం ఒక అంగీ కుట్టి ఏట్లో వదిలితే అది తడవకుండా నా దగ్గరికి చేరుతుంది. తర్వాత ఆమె గ్విథెరిన్ అనే చోట మఠాధ్యక్షురాలై, అక్కడే మళ్లీ చనిపోయింది. ‘మూడోసారికి’ అన్న ఆ మాటను గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి మునిగి నయం కానివాడు కథను తప్పుపట్టడానికి వీల్లేదు, మళ్లీ రావాలంతే. యాత్రను నిలబెట్టే ఏర్పాటు కథలోనే ఉంది.

ఈ కథ రాతలోకి వచ్చింది 12వ శతాబ్దంలో. జరిగిందన్న కాలానికీ రాసిన కాలానికీ మధ్య దాదాపు ఐదు వందల ఏళ్లు. రాసినవాళ్లలో ముఖ్యుడు ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ మఠంలో ప్రయర్‌గా, అంటే మఠాధిపతి తర్వాతి పెద్దగా, ఉన్న రాబర్ట్. ఆ మఠం 1083లో పుట్టింది. కొత్త మఠానికి భూములున్నాయి, కట్టడం ఉంది, చెప్పుకోవడానికి ఒక పునీతుడి ఎముక మాత్రం లేదు. అక్కడి సన్యాసి ఒకడికి జబ్బు చేసింది. వినిఫ్రెడ్ ఊట దగ్గర అతని పేరున పూజ చేయిస్తే కుదిరిందని రాబర్టే రాశాడు. దాంతో 1138లో సన్యాసులు గ్విథెరిన్ వెళ్లి, ఆ ఊరివాళ్లను ఒప్పించి, ఎముకలు తవ్వి తెచ్చుకున్నారు. ఎలిస్ పీటర్స్ 1977లో రాసిన మొదటి కాడ్‌ఫైల్ డిటెక్టివ్ నవలకు ఈ ఘటనే ముడిసరుకు. 1713లో సెయింట్ అసఫ్ బిషప్ విలియం ఫ్లీట్‌వుడ్ ఈ వినిఫ్రెడ్ చరిత్రను చీల్చి చెండాడాడు. ఎనిమిదో శతాబ్దపు చరిత్రకారుడు బీడ్ ఈమె పేరెత్తలేదు. 1086 నాటి డూమ్స్‌డే భూముల సర్వేలో ఈ ఊట ఊసే లేదు. 1188లో ఆర్చిబిషప్‌తో కలిసి పక్కనే ఉన్న బేసింగ్‌వర్క్ మఠంలో రాత్రి బస చేసిన రచయిత గెరాల్డ్, కనబడిన ప్రతి వింతనూ రాసుకునే మనిషి, ఈ ఊట గురించి ఒక్క మాటా రాయలేదు. కనక అంతా సన్యాసుల కల్పన అన్నాడు బిషప్. ఆయన వాదనలో సగం నిలుస్తుంది. మౌనం ఒక్కటే సాక్ష్యమైతే తీర్పు చెప్పలేం. డూమ్స్‌డే సర్వే నాగళ్లనూ మరలనూ లెక్కపెట్టింది, పునీతుల్ని కాదు. 1093 నాటి దానపత్రంలో చెస్టర్ కౌంటెస్ అడెలైజా ఆ ఊరిని ఒక మఠానికి రాసిచ్చింది, అంటే ష్రూస్‌బరీ వాళ్లు కలం పట్టకముందే ఆ చోటు విలువైనది. గ్విథెరిన్‌లో ఆమె పేరున ఒక పాత అవశేషాల పెట్టె ఉండేది. 17వ శతాబ్దం చివర్లో పురావస్తు పరిశోధకుడు ఎడ్వర్డ్ లూయిడ్ దాని బొమ్మ గీయించాడు. ఆ పెట్టెకు చెందిన చెక్కముక్క ఒకటి 1991లో బయటపడింది, దాని పనితనం 12వ శతాబ్దానికి చాలా ముందటిది. కాబట్టి వినిఫ్రెడ్ అనే మఠాధ్యక్షురాలు ఉండేదని నమ్మొచ్చు. తల తెగి అతుక్కోవడాన్ని ఎవరూ నిరూపించలేరు. ఆమె పేరుకూ ఈ ఊటకూ ముడి ఎప్పుడు పడిందంటే, 12వ శతాబ్దం నుంచి మాత్రమే ధైర్యంగా చెప్పగలం.

మరి హోలీవెల్ ఎందుకు నిలిచిందన్నదానికి చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. క్రైస్తవం రాకముందు కెల్టులు ఊటల్ని, నరికిన తలల్ని కొలిచేవారు, చర్చి వచ్చి దానికి పునీతురాలి పేరు తగిలించింది, అందుకే ఇంత గట్టిగా నిలబడింది అని. వినడానికి బాగుంటుంది. పత్రికల వ్యాసాల్లోనూ టూరిస్టు పుస్తకాల్లోనూ ఇది దాదాపు నిర్ధారిత సత్యంగా చలామణి అవుతోంది. కానీ హోలీవెల్ ఊట దగ్గర క్రైస్తవానికి ముందు పూజలు జరిగాయని చెప్పే వస్తువేదీ వాదించేవాళ్ల చేతిలో లేదు, కథలోని పోలిక తప్ప. పోలికను నమ్ముకుంటే ఎంతదూరమైనా పోవచ్చు. తల నరకడం, తపశ్శక్తి గల మగవాడి మాటతో మళ్లీ బతకడం మన రేణుక కథలోనూ ఉంది. అంతమాత్రాన జమదగ్ని ఆశ్రమానికీ ఫ్లింట్‌షైర్‌కూ చుట్టరికం కలపలేం గదా. బైనో చరిత్రలోనే మరో అమ్మాయి తలను కూడా అతను అతికిస్తాడు, అక్కడా ఊట పుడుతుంది. ఆ కాలపు పునీత చరిత్రలు రాసేవాళ్ల చేతిలో ఇదొక తయారు సరుకు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఫ్రాన్సిస్ జోన్స్ 1954లో వేల్స్ పవిత్ర ఊటల మీద పెద్ద పుస్తకం రాశాడు, వందలాది ఊటల జాబితా కట్టాడు. వాటిలో చాలావాటికి ఇలాంటి పాతవాసన కథలే ఉన్నాయి. గుడ్డపీలికలు కట్టేవి, గుండుసూదులు వేసేవి, పశువుల రోగాలు మాన్పేవి. ఆదిమ నమ్మకమే బలమైతే అవన్నీ నిలవాలి. ఎక్కువ భాగం పొదలపాలయ్యాయి. మిగతావాటికి లేనిది హోలీవెల్‌కు ఏముందో చూడాలి తప్ప అన్నిటికీ ఉన్నదాన్ని కారణంగా చూపిస్తే లాభం లేదు.

మొదట దానికి ఉన్నది పెద్దల అండ. 1240లో వెల్ష్ రాజు డేవిడ్ ఈ ఊటను బేసింగ్‌వర్క్ మఠానికి ఇచ్చాడు, తర్వాత సుమారు మూడు వందల ఏళ్లు ఆ సన్యాసులే దాని బాగోగులు చూశారు. 1416లో ఐదో హెన్రీ ష్రూస్‌బరీ నుంచి కాలినడకన ఇక్కడికి వచ్చాడని అదే కాలపు చరిత్రకారుడు ఆడమ్ ఆఫ్ అస్క్ రాశాడు. కవి టూడర్ అలెడ్ ఊట మీద పద్యం చెప్పాడు, ఇంగ్లండ్‌లో తొలి ముద్రాపకుడు కాక్స్‌టన్ 1485 ప్రాంతంలో ఆమె చరిత్రను అచ్చువేశాడు. ఇప్పుడున్న కట్టడం 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం మొదట్లోది. ఏడో హెన్రీ తల్లి మార్గరెట్ బోఫోర్ట్ కట్టించిందని అంటారు. ఆమె భర్త స్టాన్లీల వంశ చిహ్నాలు రాళ్ల మీద కనిపిస్తాయి. దగ్గర్నుంచి చూడాల్సిన కట్టడం ఇది. ఇది చేదా, గిలకా ఉన్న నుయ్యి కాదు. కొండవాలులో నేల చీల్చుకుని వచ్చే పెద్ద ఊట చుట్టూ నక్షత్రం ఆకారంలో రాతి తొట్టి కట్టారు. పైన రాతి పక్కటెముకలు కలుసుకునే కప్పు, దాని మధ్య వేలాడే రాతి మొగ్గ మీద వినిఫ్రెడ్ కథ, ఆ పై అంతస్తులో ప్రార్థనా మందిరం. తొట్టిలోంచి పొర్లిన నీళ్లు ముందున్న స్నానపు కోనేట్లోకి పోతాయి. కప్పు కింద ఒక మూల చిన్న చెక్కడం ఉంది. ఒక మనిషి ఇంకో మనిషిని వీపున మోసుకుపోతున్నాడు. రాజుల చిహ్నాల మధ్య ఆ శిల్పి చెక్కిన మనిషి రోగి. కట్టడం ఎవరి కోసమో కట్టించినవాళ్లకు తెలుసు.

అండ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎనిమిదో హెన్రీ 1536-37ల్లో బేసింగ్‌వర్క్‌ను మూయించాడు, 1540లో ష్రూస్‌బరీ మఠమూ, అందులోని ఎముకల సమాధీ పోయాయి. ఊట మాత్రం మిగిలింది. ఎందుకు మిగిలిందో తెలియాలంటే విలియం హోల్‌క్రాఫ్ట్ కోర్టు గొడవ చూడాలి. మఠం పోయాక ఊట దగ్గర పడే కానుకల ఆదాయాన్ని రాజు తరఫున ఇతను కౌలుకు తీసుకున్నాడు. కానుకలంటే డబ్బే కాదు, పశువులు కూడా. ఊరి పెద్దమనుషులు కొందరు సొంత డబ్బాలు పట్టుకుని మందిరంలో తిరుగుతూ, హుండీలో వేస్తే మీ ఆత్మకు పుణ్యం దక్కదు, మా డబ్బాలో వేయండి అని యాత్రికులతో చెబుతున్నారని ఇతని ఫిర్యాదు. పోపును కాదన్న ప్రభుత్వమే పోపు భక్తుల హుండీని పాటకు పెట్టింది, ఆ హుండీ కోసం తగాదా. దీన్ని కపటం అనొచ్చు, నిజమే. నాకు మాత్రం ఇందులో కనిపించేది అంతకంటే మామూలు విషయం. సన్యాసులు లేకపోయినా జనం రావడం ఆపలేదు, వచ్చే జనం వల్ల ఎవరికో ఒకరికి రాబడి ఉంది. ఫ్లీట్‌వుడ్ లాంటివాళ్లు ఇదంతా సన్యాసుల మోసమని చెప్పినప్పుడు ఈ చిన్న లెక్క పట్టించుకోలేదు. మోసం చేసేవాడు వెళ్లిపోయాక కూడా మోసపోయేవాళ్లు తమంతట తామే నడిచొస్తే, దాన్ని మోసమనే ఒక్క మాటతో తోసేయలేం.

తర్వాతి నూరేళ్లు చాటుమాటు రోజులు. ఊళ్లోని రెండు సత్రాలు పేరుకే సత్రాలు. ‘స్టార్’ జెజువిట్ అనే కాథలిక్ సంఘపు గురువులది, ‘క్రాస్ కీస్’ ఇతర గురువులది. పైన బస, లోపల పూజ. జెజువిట్ జాన్ జెరార్డ్ తన ఆత్మకథలో తోటి గురువు ఎడ్వర్డ్ ఓల్డ్‌కార్న్ సంగతి రాశాడు. ఓల్డ్‌కార్న్‌కు నోట్లో పుండు, కాన్సర్ అనుకున్నారు. ఊటకు వెళ్తూ దారిలో ఒక ఇంట బస చేశాడు. ఆ ఇంటి ఆడవాళ్ల దగ్గర ఊటలోంచి తెచ్చుకున్న ఎర్రమరకల రాయి ఉంది. దాన్ని నోట్లో పెట్టుకుంటే నొప్పి తగ్గింది, అయినా వెళ్లి మునిగొచ్చాడు. 1605 వేసవి చివర్లో జెజువిట్ గురువు హెన్రీ గార్నెట్ నాయకత్వంలో కాథలిక్ పెద్దింటివాళ్లు ఇక్కడికి యాత్ర చేశారు. ఆ నవంబరులో పార్లమెంటు కింద, దాన్ని పేల్చడానికి పెట్టిన తుపాకిమందు దొరికాక ఆ యాత్ర కుట్రకు ముందు జరిగిన మంతనమని ప్రభుత్వం అనుమానించింది. గార్నెట్, ఓల్డ్‌కార్న్ ఇద్దర్నీ 1606లో ఉరితీసింది. అంతటి భయం తర్వాత కూడా 1629 నవంబరు 3న, వినిఫ్రెడ్ పండగనాడు, పద్నాలుగు పదిహేను వందల మంది కులీనులు, నూట యాభైకి పైగా గురువులు వచ్చారని ఒక వేగు నివేదించాడు. వేగులు అంకెలు పెంచి చెబుతారు, సగానికి సగం తగ్గించినా పెద్ద సంఖ్యే. 1630ల్లో అధికారులు ఊట చుట్టూ ఉన్న ఇనప కంబాలు పీకించారు, విగ్రహాన్ని చెడగొట్టించారు. గమనించండి, నీళ్లను పూడ్చలేదు. స్నానం చేసేవాళ్లు పట్టుకునే ఆసరా తీసేశారే తప్ప స్నానం నేరమనలేదు. కర్ర విరగకూడదు, పాము చావకూడదు అన్నట్టే నడిచింది ఆ కాలమంతా. పట్టుబడ్డవాడు ఒంట్లో బాగాలేక నీళ్ల కోసం వచ్చానంటే చాలు, అబద్ధమని తేల్చడం కష్టం. నిజంగానే ఒంట్లో బాగాలేనివాళ్లు పక్కనే మునుగుతున్నారు కాబట్టి.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఖరీదైన మొక్కు రెండో జేమ్స్‌ది. కాథలిక్ రాజు, రాణి మేరీకి బిడ్డలు నిలవడం లేదు. 1687లో అతను హోలీవెల్ వచ్చి కొడుకు కోసం మొక్కుకున్నాడు. 1688 జూన్‌లో కొడుకు పుట్టాడు. కాథలిక్ వారసుడు పుట్టాడనే భయమే ప్రొటెస్టెంట్ ప్రభువుల్ని కదిలించి, ఏడాది తిరక్కుండా జేమ్స్ దేశం వదిలి పారిపోయేలా చేసింది. మొక్కు తీరింది, సింహాసనం పోయింది. వినిఫ్రెడ్ భక్తులు ఈ అద్భుతాన్ని అంతగా ప్రచారం చేసుకోకపోవడంలో వింతేమీ లేదు.

18వ శతాబ్దంలో రెండో పద్దు బరువు పెరిగింది. 1697లో లిచ్‌ఫీల్డ్ వైద్యుడు జాన్ ఫ్లాయర్ స్నానాల మీద పుస్తకం వేశాడు. చన్నీళ్ల స్నానం నరాల్ని బిగిస్తుంది, ఎన్నో జబ్బులకు మందు అని అతని సిద్ధాంతం. ఈ లెక్కన పునీతురాలి ప్రమేయం లేకుండానే ఊటలో జబ్బులు కుదరొచ్చు. ప్రొటెస్టెంట్లు నిస్సంకోచంగా వచ్చి మునగడానికి దారి దొరికింది. ఈ కాలాన్ని బాగా చూసి రాసినవాడు థామస్ పెనెంట్. హోలీవెల్ పక్క ఊరివాడు, ప్రొటెస్టెంట్, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. నెత్తుటి మరకల రాళ్లను చేతిలోకి తీసుకుని చూశాడు. ఆ ఎరుపు వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ బిస్సస్ అని పేరుపెట్టిన సన్నటి పాచిది. రాయిని రుద్దితే వయొలెట్ పూల వాసన వస్తుంది. భక్తులు చెప్పే పరిమళమూ అదే, పక్కన పెరిగే మరో నాచుకూ వాసన ఉంది. ఇలాంటి పాచి ఐరోపాలో ఇంకా చాలాచోట్ల ఉందని కూడా రాశాడు. ఊట ఎంత నీరు పోస్తుందో ఒక పందెం కోసం కొలిస్తే నిమిషానికి సుమారు ఇరవై ఒక్క టన్నులని తేలింది. 1774 ఆగస్టులో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిమిషానికి వంద టన్నులని రాసుకున్నాడు. నిఘంటువు రాసిన మనిషి కూడా అంకెల దగ్గర చేయి జారాడు. స్నానం చేసేచోటికి మరుగు లేదని, తాము చూస్తుండగానే ఒకావిడ మునిగిందని కూడా జాన్సన్ విసుక్కున్నాడు. పెనెంట్ మాత్రం విసుక్కోలేదు. గడ్డం దాకా నీళ్లలో గంటలకొద్దీ నిలబడి జపం చేసేవాళ్లను, నయమైనవాళ్లు కప్పుకు వేలాడదీసిన చంకకర్రల్ని, రోగుల్ని మోసుకొచ్చిన చేతిబల్లల్ని వర్ణించాడు. పాచిని పాచి అన్నాడు, చంకకర్రల్ని చంకకర్రలనే అన్నాడు. ఈ విషయంలో అంతకుమించిన సాక్షి నాకు కనబడలేదు.

ఇక్కడ అసలైన అభ్యంతరం వస్తుంది. పాచితో మరకల గుట్టు రట్టయినట్టే, ఫ్లాయర్‌తో స్వస్థతల గుట్టూ రట్టయింది గదా, ఇక రెండు పద్దులెందుకు, అంతా చన్నీళ్ల పద్దులో వేసేస్తే సరిపోదా అని. సరిపోదు. మొదటి సంగతి, హోలీవెల్ నీళ్లలో చెప్పుకోదగ్గ ఖనిజాలేమీ లేవు, బాత్ ఊరి వేడినీళ్లలా ప్రత్యేకత ఏదీ లేదు. చల్లటి నీళ్లే మందైతే ఏ కొండవాగైనా చాలు. రెండోది, రికార్డయిన జబ్బుల స్వభావం. 1606లో హియర్‌ఫర్డ్‌షైర్‌కు చెందిన సర్ రోజర్ బోడెన్‌హమ్ వైద్యులందరి చుట్టూ తిరిగి విసిగి, చర్మవ్యాధితో వచ్చి నయమై వెళ్లాడని జెజువిట్లు రాసుకున్నారు. 1805 జూన్ 28న వుల్వర్‌హాంప్టన్ నుంచి వినిఫ్రెడ్ వైట్ అనే పనిమనిషి వెన్ను జబ్బుతో చంకకర్ర మీద వచ్చి, ఊటలో మునిగి, కర్ర లేకుండా నడిచింది. కాథలిక్ బిషప్ జాన్ మిల్నర్ వైద్యుల, ఇరుగుపొరుగుల వాంగ్మూలాలు సేకరించి పుస్తకంగా అచ్చువేశాడు. దాని మీద వాదోపవాదాలు జరిగాయి. ఆమె జబ్బు నరాలదో మనసుదో అయితే హఠాత్తుగా తగ్గడం అసాధ్యమేమీ కాదని ఈనాటి వైద్యుడు అంటాడు. నేనూ అటే మొగ్గుతాను. కానీ ఆ వివరణ కూడా నీళ్లది కాదు. ఎన్నో మైళ్లు ప్రయాసపడి రావడం, ముప్పై తరాలు మునిగిన చోట మునగడం, మూడోసారికి తప్పక కుదురుతుందన్న మాట మీద ఆధారపడటం, వీటిది. అంటే పునీతురాలి పద్దును పూర్తిగా కొట్టేస్తే చన్నీళ్ల పద్దూ నిలవదు. నయం కానివాళ్ల సంగతేమిటని అడగొచ్చు. వాళ్లను ఎవరూ రాసిపెట్టలేదు, చంకకర్ర తిరిగి ఇంటికి తీసుకెళ్లినవాడి గుర్తు కప్పు మీద ఉండదు. కాబట్టి ఎంతమందికి కుదిరిందన్న లెక్కతో వాదించేవాళ్లెవర్నీ, భక్తుణ్నయినా విమర్శకుణ్నయినా, నమ్మాల్సిన పనిలేదు. చరిత్రకారుడు నిర్ధారించగలిగేది జనం వచ్చారని, వస్తూనే ఉన్నారని, ఎందుకొస్తున్నారో చెప్పడానికి వాళ్ల దగ్గర ఒకటికి రెండు మాటలు ఉన్నాయని.

ఆ నీళ్లకు మూడో గిరాకీ కూడా ఉండేది. ఊట నుంచి డీ నది మొగదాకా ఏరు రెండు మైళ్లు కూడా ఉండదు, ఆ కొద్దిపాటి దూరంలో పంతొమ్మిది మరలు తిరుగుతున్నాయని జాన్సన్ రాశాడు. 1777 నుంచి జాన్ స్మాలీ నూలు మిల్లులు, 1780ల్లో థామస్ విలియమ్స్ రాగి కార్ఖానాలు. కాలాలతో పనిలేకుండా ఒకే తీరున పారి, చలికాలంలోనూ గడ్డకట్టని నీటిని పెట్టుబడిదారు ఎందుకు వదులుతాడు? యాత్రికుడు మునిగిన నీరే కిందికి పోయి రాగిరేకులు సాగదీసింది. 1829లో కాథలిక్కులకు చట్టపరమైన స్వేచ్ఛ వచ్చింది, 1873లో జెజువిట్లు ఊటను పట్టణం నుంచి కౌలుకు తీసుకున్నారు. 1890ల్లో ఫాదర్ చార్లెస్ బోక్లార్క్ దీన్ని వేల్స్ లూర్దుగా మార్చాలని పూనుకున్నాడు. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మొదలైన మేరీమాత దర్శనాల ఖ్యాతి అప్పటికి ప్రపంచమంతా పాకింది. విజయవాడ గుణదలలో ఏటా ఫిబ్రవరిలో జరిగే మేరీమాత తిరునాళ్ల మూలం కూడా ఆ లూర్దే. బోక్లార్క్ ఊరేగింపులు పెట్టాడు, బ్యానర్లు వేయించాడు. వాటిని గీసిన ఫ్రెడరిక్ రోల్ఫ్ కూలి దగ్గర తగాదా పడి ఫాదర్‌ను పత్రికలకెక్కించాడు, అది వేరే కథ. మనకు పనికొచ్చేది రెండు చోట్లకూ ఉన్న తేడా. లూర్దులో 1883లోనే వైద్యుల కార్యాలయం పెట్టారు. రోగి పత్రాలు పరిశీలించి, వైద్యం చెప్పగలిగిందంతా పక్కకు తీసేసి, మిగిలినదాన్ని మాత్రమే చర్చికి పంపడం దాని పని. ఒక పద్దును ఇంకోదాన్నుంచి వేరు చేయడానికి కట్టిన గోడ అది. హోలీవెల్ ఎన్నడూ ఆ గోడ కట్టలేదు. కడితే ఎలిజబెత్ కాలంలోనే పడిపోయేది.

1917 జనవరి 5న హల్కిన్ కొండ కింద సీసపు గనుల నీరు తోడేయడానికి తవ్వుతున్న సొరంగం ఒక భూగర్భ జలధారకు తగిలింది. 1897లో డీ ఒడ్డున మొదలుపెట్టిన పని అది. గంటల్లోనే ఊట ఎండిపోయింది. వెయ్యేళ్లుగా పారుతోందన్న నీరు కొండ కిందినుంచి దారి మళ్లి సముద్రానికి పోయింది. ఆ సెప్టెంబరులో మరో పాత గని కాలువ నుంచి నీళ్లు మళ్లించి తొట్టి నింపారు. ఇప్పుడు భక్తులు మునిగేది ఆ నీటిలోనే. ధార మునుపటికన్నా చాలా తక్కువ. అంటే బైనో వాగ్దానం చేసిన నీరు అది కాదు, పెనెంట్ వాసన చూసిన పాచి పెరిగిన నీరూ కాదు. నా వాదనకు ఇది పెద్ద దెబ్బ అని ఎవరైనా అనొచ్చు: నీళ్ల పద్దు చెరిగిపోయాక కూడా యాత్ర ఆగలేదు కదా, మరి రెండు పద్దుల అవసరం ఏముంది అని. ఆ అవసరం 1917 నాటికే తీరిపోయింది. మందు గుణం ఉందా లేదా అని పరీక్షించే ప్రభుత్వం లేదు, పూజకు వచ్చినవాడు రోగిలా నటించే పనీ లేదు. చన్నీళ్ల వైద్యం అప్పటికే పాతబడింది. ఎలిజబెత్ మండలి కాలంలో ఊట ఎండి ఉంటే గని నీళ్లు తెచ్చి నింపే సాహసం ఎవరూ చేసేవారు కాదు, ఆ నీళ్లు మందని ఎవరూ వాదించగలిగేవారు కాదు, కట్టడం ఆ ఏడే కూలేది. ఇప్పుడు జూన్‌లో జాతీయ యాత్ర జరుగుతుంది. నవంబరు 3 పండగ ఉండనే ఉంది. స్నానానికి వచ్చినవాళ్లు లోపలి చిన్న తొట్టిలో జపం చేస్తూ మూడుసార్లు అటునుంచి ఇటు దాటుతారు, బయటి కోనేట్లో నీటి కింద ఉన్న బైనో రాయి మీద మోకరించి కోరిక చెప్పుకుంటారు. మూడుసార్లు దాటడాన్ని కొంతమంది మేనమామ వాగ్దానానికి గుర్తంటారు, పాత కెల్టు ఆచారమని మరికొందరంటారు. నీళ్లు ఎక్కడివని అడిగితే అక్కడి పనివాళ్లు గని సంగతి దాచకుండా చెబుతారు, విన్నవాళ్లు సరేనని నీళ్లలోకి దిగుతారు.